ఓడల మీద తేలిన తిండి పాఠం: సైన్సు పుస్తకాలు రాసేవారికి బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లో హైస్కూలు జీవశాస్త్ర పుస్తకాలు రాసేవారికి, సరిచూసేవారికి నమస్కారాలు.

పోషకాహార శాస్త్రం బోధించేవాళ్లం కొందరం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. విటమిన్లు అనగానే లోపాల పట్టిక ఒకటి వస్తుంది. ఒక గడిలో విటమిన్, పక్క గడిలో జబ్బు, ఆ పక్కన అది దొరికే పదార్థాలు. పిల్లలు బట్టీ పడతారు, పరీక్షలో జతపరుస్తారు, వేసవి సెలవులకల్లా మరిచిపోతారు. ఆ పట్టికలో స్కర్వీ (విటమిన్ సి లోపం), బెరిబెరి (విటమిన్ బి1 లోపం) అనే రెండు వరుసలు మనుషులకు ఎలా తెలిశాయో చెప్పే పాఠం ఒకటి రాయమని మా విన్నపం. ఆ రెండు జబ్బుల సంగతీ చాలావరకు ఓడల మీద, నావికుల ప్రాణాలు పణంగా పెట్టి తేలింది. ఏం రాయాలో, ఏ అంకెలు వాడాలో, తరగతిలో ఏం చేయించాలో, ఎక్కడ బెడిసికొడుతుందో కింద వివరంగా ఇస్తున్నాం.

ముందుగా జేమ్స్ లిండ్. 1747 మే 20న బ్రిటిష్ యుద్ధనౌక సాలిస్‌బరీలో ఈ ఓడ వైద్యుడు స్కర్వీ పట్టిన 12 మందిని తీసుకున్నాడు. అందరికీ చిగుళ్లు కుళ్లాయి, ఒంటిమీద మచ్చలు తేలాయి, మోకాళ్లలో సత్తువ పోయింది. అందరినీ ఓడలో ఒకేచోట పడుకోబెట్టి ఒకే తిండి పెట్టించాడు. పొద్దున పంచదార వేసిన జావ, తరచుగా మాంసం చారు, రాత్రికి బార్లీ, ఎండుద్రాక్ష, బియ్యం, సగ్గుబియ్యం లాంటివి. ఆపైన ఇద్దరిద్దరికి ఒక్కో మందు. ఒక జంటకు రోజుకు దాదాపు లీటరు సైడర్, అంటే పులిసిన ఆపిల్ రసం. ఇంకో జంటకు నీళ్లు కలిపిన గంధకామ్లం 25 చుక్కల చొప్పున మూడుసార్లు. మూడో జంటకు రెండేసి చెంచాల వెనిగర్ మూడుసార్లు. నాలుగో జంటకు పావు లీటరు సముద్రపు నీరు. ఐదో జంటకు రోజుకు రెండు నారింజలు, ఒక లెమన్ (పొడుగాటి, మందం తొక్క నిమ్మ). చివరి జంటకు వెల్లుల్లి, ఆవాలు, ముల్లంగి వేరు, సువాసన బంకలు కలిపి నూరిన లేహ్యం జాజికాయంత. ఆరు రోజులకు పండ్లు నిండుకున్నాయి. అప్పటికే ఆ ఇద్దరిలో ఒకడు పనిలోకి దిగగలిగాడు. రెండోవాడిని మిగతా రోగులకు సేవ చేయడానికి పెట్టారు. సైడర్ తాగిన జంట కాస్త మెరుగుపడింది. మిగతావారికి చెప్పుకోదగ్గ గుణం కనిపించలేదు.

సాధారణంగా కథ ఇక్కడ ఆపేసి 'లిండ్ స్కర్వీకి మందు కనుగొన్నాడు' అని తేల్చేస్తారు. దయచేసి మీరు ఆపకండి. పనికొచ్చే భాగం ఇక్కడినుంచే మొదలవుతుంది.

ఈ పరీక్షలో లోపం ఏమిటని పిల్లల్ని అడగండి. ఒక్కో మందుకు ఇద్దరే మనుషులు. ఇద్దరిలో ఒకరు తనంతట తానే కోలుకున్నా మందు పనిచేసినట్టే కనబడుతుంది. ఇంకోటి ఉంది, అది లిండ్ స్వయంగా రాసిపెట్టిందే: జబ్బు బాగా ముదిరి, మోకాలి వెనక స్నాయువులు బిగుసుకుపోయిన ఇద్దరిని ఏరి సముద్రపు నీటి జంటలో వేశాడు. అంటే జంటలు చీటీలు తీసి కట్టినవి కావు. పదమూడేళ్ల పిల్లకు 'పోలిక న్యాయంగా ఉందా' అని అడగడం నేర్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు తెలియదు.

పైగా తాను చూసినదాని అర్థం లిండ్‌కే పూర్తిగా పట్టుబడలేదు. 1753లో వేసిన పుస్తకం వందల పేజీలది. అందులో ఈ పరీక్షకు దక్కినవి కొద్ది పేరాలు. సముద్రపు తేమగాలికి చెమట రంధ్రాలు మూసుకుపోయి స్కర్వీ వస్తుందని అతని నమ్మకం. తిండిలో ఏదో పదార్థం తక్కువైతే జబ్బు వస్తుందన్న ఆలోచన ఆ కాలంలో ఇంకా పాతుకోలేదు. అందుకే పండ్లు అతనికి అనేక మందుల్లో ఒక మంచి మందుగానే కనిపించాయి.

నెలల తరబడి పండ్లు నిల్వ ఉండవు కాబట్టి రసాన్ని పాకం పట్టమన్నాడు. వెడల్పు మూతి పింగాణీ గిన్నెలో వడకట్టిన రసం పోసి, ఆ గిన్నెను మరగబోతున్న నీళ్ల పెనంలో దించి, గంటల తరబడి ఉంచి చిక్కబరచడం పద్ధతి. పన్నెండు డజన్ల పండ్ల సారం ఒక క్వార్టు సీసాలో పడుతుందని, ఏళ్లపాటు ఉంటుందని రాశాడు. ఉండేది పులుపే. విటమిన్ సి పోవడానికి కావలసినవన్నీ ఆ పద్ధతిలో ఉన్నాయి: ఎక్కువ సేపు వేడి, వెడల్పు మూతి వల్ల ఎక్కువ గాలి, ఆపైన నెలల నిల్వ. ఆ పాకం ఓడల్లో పరీక్షించినప్పుడు పెద్దగా గుణం చూపలేదు. దాంతో నిందంతా పండు మీద పడింది. పండు మంచిదే, తయారీ చెడ్డది. ఈ రెంటినీ విడదీసి చూడగలిగే పరికరం అప్పుడు ఎవరి దగ్గరా లేదు.

తర్వాత బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు గిల్బర్ట్ బ్లేన్. సఫోక్ అనే యుద్ధనౌక ఇంగ్లండ్ నుంచి బయల్దేరి, దారిలో ఎక్కడా నేల తాకకుండా 23 వారాలు ప్రయాణించి 1794లో మద్రాసు చేరింది. నావికులకు రోజూ ఇచ్చే రమ్ము నీళ్లలో ఔన్సులో మూడింట రెండు వంతుల లెమన్ రసం, రెండు ఔన్సుల పంచదార కలిపి పోశారు. కొద్దిమందిలో లక్షణాలు కనబడితే రసం పెంచారు, తగ్గాయి. మరుసటి ఏడు, 1795లో, నౌకాదళం లెమన్ రసం సరఫరాకు ఒప్పుకుంది. లిండ్ పరీక్షకు, దీనికి మధ్య 48 ఏళ్లు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేయించండి. ఔన్సులో మూడింట రెండు వంతులంటే దాదాపు 20 మి.లీ. తాజా రసంలో 100 మి.లీ.కి 50 మి.గ్రా. విటమిన్ సి ఉందనుకుంటే రోజుకు అందింది 10 మి.గ్రా. రెండో ప్రపంచయుద్ధ కాలంలో షెఫీల్డ్‌లో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన 20 మంది మీద నెలల తరబడి పరీక్ష చేస్తే, స్కర్వీ రాకుండా ఉండడానికి, వచ్చినది తగ్గడానికి రోజుకు 10 మి.గ్రా. చాలని తేలింది. విటమిన్ పేరు కూడా పుట్టకముందు బ్లేన్ అందించిన మోతాదు సరిగ్గా ఆ గీత మీదే ఉంది. రసంలో కొంత చెడితే గీత కిందికి జారిపోతుంది.

జారిపోయింది కూడా. 1860లలో లెమన్ బదులు వెస్టిండీస్ నుంచి వచ్చే లైమ్ (చిన్న గుండ్రటి నిమ్మ) రసానికి మారారు. పులుపు ఎక్కువ కదా, గుణమూ ఎక్కువే అనుకున్నారు. విటమిన్ సి పులుపు కాదు; పులుపు చాలావరకు సిట్రిక్ ఆమ్లానిది. లైమ్ రసంలో అసలే విటమిన్ తక్కువ. దాన్ని తొట్లలో తేరబెట్టి, రాగి గొట్టాల గుండా పంపి, నెలల పాటు నిల్వచేస్తే మిగిలింది దాదాపు సున్న. అప్పటికి ఆవిరి ఓడలు వచ్చి ప్రయాణాలు కుదించుకుపోవడంతో ఈ లోటు ఎవరికీ కనబడలేదు. 1875లో జార్జ్ నేర్స్ నాయకత్వంలో ఉత్తర ధ్రువం వైపు వెళ్లిన బృందాన్ని స్కర్వీ పట్టుకున్నాక గందరగోళం మొదలైంది. రసం వల్ల ఉపయోగం లేదని, పాడైన మాంసం విషమే కారణమని పెద్ద పెద్ద వైద్యులు నమ్మారు. అంటే తెలిసిన వైద్యం మళ్లీ తెలియకుండా పోయింది. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిష్ గినీ పందుల్లో స్కర్వీ తెప్పించగలిగాక, 1918 ప్రాంతంలో లండన్‌లోని లిస్టర్ సంస్థలో హారియెట్ చిక్ బృందం ఆ జంతువుల మీద రెండు రసాలనూ పోల్చి చూసింది. తాజా లైమ్ రసానికి లెమన్ రసం బలంలో పావు వంతే ఉందని, నిల్వచేసిన లైమ్ రసం పనికిరాదని అప్పుడు తేలింది.

బొమ్మ వేసేటప్పుడు ఒక జాగ్రత్త. మన సంతలో అమ్మే చిన్న గుండ్రటి నిమ్మ ఈ లైమ్ జాతికి చెందినదే. లిండ్ వాడినది పొడుగాటి, మందం తొక్క పండు. అలాగని మన నిమ్మ పనికిరాదని పిల్లలు అనుకోకూడదు. అప్పటికప్పుడు పిండిన మన నిమ్మరసం మంచిదే. చెడగొట్టింది ప్రధానంగా తయారీ, నిల్వ.

ఇక తరగతిలో చేయించవలసిన ప్రయోగం. మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు కలపాలి. చెంచాడు పల్చటి గంజి తేట సూచికగా చాలు, కానీ పూర్తిగా చల్లారాలి. వేడి గంజిలో నీలిరంగు నిలవదు. 500 మి.గ్రా. విటమిన్ సి మాత్రను నలిపి లీటరు డిస్టిల్డ్ నీళ్లలో కరిగించి వడకట్టాలి. దీని బలం సుమారుగా లెమన్ రసం అంత. ఈ ద్రావణం 5 మి.లీ. గాజు గ్లాసులో తీసుకుని, అర చెంచా గంజి కలిపి, డ్రాపర్‌తో అయోడిన్ చుక్కలు లెక్కపెడుతూ వేసి కలపాలి. పడిన చుక్క నీలమై వెంటనే విరిగిపోతుంది. రంగు అర నిమిషం నిలిచిన చోట లెక్క ఆపాలి. డ్రాపర్‌ను బట్టి 30 నుంచి 40 చుక్కల మధ్య పడుతుంది. ఉత్త నీళ్లతో చేస్తే ఒకటి రెండు చుక్కలకే నీలం వస్తుంది. అది ముందు చూపించాలి.

తర్వాత అదే ద్రావణంలో సగం బాగా తోమిన రాగి చెంబులో, సగం మూత బిగించిన గాజు సీసాలో నిండుగా పోసి రాత్రంతా ఉంచండి. పొద్దున రెండింటికీ చుక్కలు లెక్కపెట్టండి. రాగి చెంబులోదానికి తక్కువ చుక్కలు పడతాయి. గాలిలోని ఆక్సిజన్‌తో విటమిన్ సి కలిసిపోయే చర్యను రాగి వేగిరపరుస్తుంది. ఓడ వంటశాలల్లో రాగి గుండిగలు చేసిన పని ఇదే. చెంబులోని ద్రావణం తాగనివ్వవద్దు, పారబోయించండి.

ఎక్కడ తప్పుతుందంటే, బోరు నీళ్లు వాడితే గాజు సీసాలోదీ బాగా తగ్గిపోతుంది, ఎందుకంటే ఆ నీటి క్షారం ద్రావణం ఆమ్లతను తగ్గిస్తుంది. ఆమ్లత తగ్గితే విటమిన్ తొందరగా పోతుంది. నిమ్మరసాన్ని పది నిమిషాలు మరిగించి తేడా చూపించాలని చాలామంది ప్రయత్నిస్తారు. పెద్ద తేడా రాదు, ఎందుకంటే రసంలోని ఆమ్లమే కొంత కాపాడుతుంది. పైగా నీరు ఆవిరై రసం చిక్కబడుతుంది కాబట్టి చుక్కలు పెరిగినా ఆశ్చర్యం లేదు. మరిగించాక మొదటి కొలతకు నీళ్లు పోసి సరిచేయాలి, గంటసేపైనా కాచాలి. 'కాస్త వేడి తగిలితే విటమిన్ సి అంతా పోతుంది' అని పుస్తకంలో రాస్తే ఈ ప్రయోగం దాన్ని అబద్ధం చేస్తుంది, కనుక అలా రాయకండి. ఉసిరి రసాన్ని పదింతలు పల్చన చేయకపోతే చుక్కలు లెక్కపెట్టడానికి పీరియడ్ చాలదు. అయోడిన్‌ను లాగేసుకునే పదార్థాలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఇది పోలికకే. ఖచ్చితమైన మిల్లీగ్రాములు చెప్పించవద్దు.

ఇక బెరిబెరి. అన్నం తినే మనకు స్కర్వీ కన్నా ఇదే దగ్గరి కథ.

1880 ప్రాంతంలో జపాన్ నౌకాదళాన్ని బెరిబెరి పీల్చి పిప్పి చేస్తోంది. 1882లో 4,769 మందిలో 1,929 మందికి వచ్చింది. కాళ్లు తిమ్మిరెక్కడం, వాపు, గుండెదడ, చివరికి గుండె ఆగిపోవడం. లండన్‌లో చదివి వచ్చిన నౌకాదళ వైద్యుడు తకాకీ కనెహిరో ముందు ఎవరికి వస్తోందో చూశాడు. అధికారులకు తక్కువ, మామూలు నావికులకు ఎక్కువ, ఖైదీలకు ఇంకా ఎక్కువ. ఓడ విదేశీ రేవులో ఆగినన్నాళ్లూ కొత్త కేసులు తక్కువ. బట్టలు, గదులు, పని, వాతావరణం అందరికీ దాదాపు ఒకటే. తేడా తిండిలో ఉంది. కూరల ఖర్చుకు నావికులకు డబ్బు చేతికిచ్చేవారు. వాళ్లు తెల్లటి పాలిష్ బియ్యం కడుపునిండా తిని, ఆ డబ్బు మిగుల్చుకునేవారు.

1882 డిసెంబరులో శిక్షణ నౌక ర్యూజో న్యూజిలాండ్, దక్షిణ అమెరికా, హవాయి మీదుగా తొమ్మిది నెలల ప్రయాణానికి వెళ్లింది. ఉన్నవారు 376 మంది. 169 మందికి బెరిబెరి, 25 మంది మరణం. హొనొలులులో మాంసం, కూరగాయలు ఎక్కించాకే ఓడ కోలుకుంది. తకాకీ పట్టుబట్టి 1884 ఫిబ్రవరిలో సుకుబా అనే నౌకను అదే దారిలో పంపించాడు, తిండి మాత్రం మార్చి. మాంసం, డబ్బా పాలు, రొట్టె, చిక్కుడు జాతి గింజలు పెంచి, బియ్యం తగ్గించారు. 333 మందిలో జబ్బు పడినవారు డజనుకు కొద్దిగా పైన. ఒక్కరూ చనిపోలేదు. జబ్బు పడినవారిలో ఎక్కువమంది తమ వంతు మాంసమో పాలో ముట్టనివారే. రొట్టె నావికులకు రుచించక సముద్రంలో పారేస్తుంటే, 1885 నుంచి బియ్యంలో సగానికి సగం బార్లీ కలిపి వండించాడు. ఆ సంవత్సరం 6,918 మందిలో 41 కేసులు. 1886లో 8,475 మందిలో మూడు.

తకాకీ సిద్ధాంతం మాత్రం తప్పు. తిండిలో నత్రజని, కార్బన్ నిష్పత్తి 1:15 దగ్గర ఉండాలని, మాంసకృత్తులు తగ్గడమే జబ్బుకు మూలమని అతను అనుకున్నాడు. అసలు లోటు పైపొర తవుడుతో పోయిన థయమిన్‌ది, అంటే విటమిన్ బి1ది. బార్లీలో, మాంసంలో, గింజల్లో అది ఉంది కాబట్టి తప్పుడు కారణంతో సరైన తిండి దొరికింది. దీన్ని దాచకుండా రాయండి. సైన్యం వైద్యులు, వారిలో మోరీ ఒగాయ్ ఒకరు, సుకుబా పరీక్షలో పక్కనే పోల్చదగిన రెండో ఓడ లేదని, సిద్ధాంతం నిలవదని వాదించారు. వాదనలో ఆ మేరకు న్యాయం ఉంది. కానీ వాళ్లు చేసిన ప్రతిపరీక్ష కొద్దిరోజులది, కొలిచింది నత్రజని, శక్తి. బెరిబెరి బయటపడడానికి వారాలు, నెలలు పడుతుంది. కొలవవలసినదాన్ని కొలవకుండా బియ్యమే మేలని తేల్చుకుని సైన్యానికి తెల్లన్నమే పెట్టారు. 1904-05 రష్యా యుద్ధంలో జపాన్ సైన్యంలో సుమారు రెండున్నర లక్షల మందికి బెరిబెరి సోకి, దాదాపు 27 వేల మంది చనిపోయారు. నౌకాదళంలో ఆ జబ్బు లేనట్టే. డచ్ వైద్యుడు ఐక్మాన్ జావాలో కోళ్లకు పాలిష్ బియ్యం పెట్టి కాళ్లు పడిపోవడం చూసిందీ, 1926లో యాన్సెన్, డోనాట్ తవుడు నుంచి థయమిన్ స్ఫటికాలు తీసిందీ రెండు మూడు వాక్యాల్లో చెబితే చాలు.

మన గడ్డకు సంబంధం ఇక్కడుంది. ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే నేటి కోస్తా ఆంధ్ర, బెరిబెరి ఉన్న ప్రాంతంగా వైద్య గ్రంథాలకెక్కాయి. మిల్లు పట్టిన పచ్చిబియ్యం తినే అలవాటు కారణం. ఉప్పుడు బియ్యం తినే చోట్ల జబ్బు అరుదు. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు థయమిన్ పైపొర నుంచి గింజ లోపలికి ఇంకుతుంది, మరలో పెట్టినా కొంత నిలుస్తుంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఒక్క గదిలో మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధన విభాగమే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు తరలింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే. ఆ సంస్థ పాత పట్టికల ప్రకారం 100 గ్రాముల మిల్లు పచ్చిబియ్యంలో థయమిన్ 0.06 మి.గ్రా., దంపుడు బియ్యంలో 0.21, మిల్లు ఉప్పుడు బియ్యంలో 0.21. రోజుకు 400 గ్రాముల బియ్యం తినే మనిషికి ఒక్కోదాని నుంచి ఎంత అందుతుందో పిల్లల చేత గుణించించండి: 0.24, 0.84, 0.84. నాలుగైదుసార్లు కడిగి, గంజి వారిస్తే ఇంకా తగ్గుతుంది. పప్పు, చేపలు, గుడ్డు, వేరుశనగ పక్కన ఉన్న కంచంలో ఈ లోటు పూడుతుంది. అన్నం, పచ్చడి, పల్చని మజ్జిగతోనే రోజులు గడిచే ఇంట్లో పూడదు.

పెట్టవలసిన మరో ఉదంతం 1915-16లో కూత్ ముట్టడి. మెసపటేమియాలో (నేటి ఇరాక్) చిక్కుకుపోయిన బ్రిటిష్ ఇండియా సైన్యంలో తెల్ల పిండి రొట్టె తిన్న బ్రిటిష్ సైనికులకు బెరిబెరి వచ్చింది, ఆటా, పప్పు తిన్న భారతీయ సైనికులకు రాలేదు. గుర్రం మాంసం ముట్టని భారతీయ సైనికులకు స్కర్వీ వచ్చింది, ఆ మాంసం తిన్న బ్రిటిష్‌వారికి అంతగా రాలేదు. ఒకే కోట, ఒకే ఆకలి, రెండు జబ్బులు. ఆ యుద్ధకాలంలోనే చిక్ బృందం పండ్లు దొరకని సైనికులకు మొలకలు సూచించింది. ఎండు పెసల్లో దాదాపు లేని విటమిన్ సి మొలకెత్తేటప్పుడు పుడుతుంది. పెసలు రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచేసి, తడి గుడ్డలో రెండంగుళాలకు మించని పొరగా పరిచి, ఒకటి రెండు రోజులు తడి ఆరకుండా ఉంచాలి. మందంగా పోస్తే లోపల వేడెక్కి, గాలాడక పుల్లటి వాసన వేస్తాయి. వండితే త్వరగా దించాలి. ఈ మొలకల రసానికి అయోడిన్ పరీక్ష చేయించవద్దు. పప్పులోని మాంసకృత్తులు అయోడిన్‌ను పీల్చుకుని లెక్క తప్పిస్తాయి.

మేం అడుగుతున్నది ఆరేడు పేజీల చోటు. స్థలం చాలదంటే ఐక్మాన్ భాగం తీసేయండి, లేహ్యం జాబితా కుదించండి. లైమ్ దెబ్బతీసిన భాగం, తకాకీ అంకెలు, రాగి చెంబు ప్రయోగం మాత్రం ఉంచండి. నిమ్మకాయ పట్టుకున్న వైద్యుడి బొమ్మ కన్నా, 12 మందిని ఆరు వరుసల్లో చూపించి ఎవరికి ఏమిచ్చారో రాసిన పటం వేయించండి. సముద్రపు నీటి జంట పక్కన 'జబ్బు ముదిరినవారు' అన్న మాట తప్పక ఉండాలి. పరీక్షలో 'జతపరచండి' స్థానంలో ఇలాంటి ప్రశ్న ఇప్పించండి: 'ఒక ఓడలో నావికులకు రోజూ పుల్లటి రసం పోస్తున్నా స్కర్వీ వచ్చింది. కారణాలు మూడు ఊహించి, ఒక్కోదాన్ని ఎలా పరీక్షిస్తావో రాయి.' పండు రకం, కాచిన తీరు, పాత్ర, నిల్వ కాలం, మోతాదు, నావికులు అసలు తాగుతున్నారా లేదా, వీటిలో ఏ మూడు రాసినా, పరీక్షించే దారి చూపితే పూర్తి మార్కులు వేయమని ఉపాధ్యాయుల సూచనల్లో చేర్చండి.

ఇట్లు,
పోషకాహార శాస్త్రం బోధించే కొందరు అధ్యాపకులు